భౌతికశాస్త్ర ప్రయోగములు: నిరూపించుటకా, కనుగొనుటకా?

కళాశాల ప్రయోగశాలలో ఒక మూల, స్టాండునకు దారముతో కట్టిన ఇత్తడి గుండు వ్రేలాడుచున్నది. ఒక విద్యార్థి దానిని కొంచెము ప్రక్కకు లాగి వదలి, స్టాప్‌వాచి నొక్కి, వెంటనే "ఒకటి" అని మొదలుపెట్టి డోలనములను లెక్కించినాడు. "ఇరువది" అనగానే వాచి ఆపినాడు. 38.2 సెకండ్లు. దారము పొడవును, గుండు వ్యాసార్ధమును కలుపగా సరిగా 100 సెంటీమీటర్లు. సూత్రములో వేసి చూడగా గురుత్వ త్వరణము 1082 వచ్చినది. పుస్తకములో 980 అని ఉన్నది. అతడు ప్రక్క బల్లమీది నోటుపుస్తకములోనికి ఒకసారి తొంగిచూచి, 38.2 ను కొట్టివేసి 40.1 అని వ్రాసికొన్నాడు. ఇప్పుడు జవాబు 982. రికార్డుమీద సంతకము పడినది.

ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్ చేసిన వారిలో ఈ కథ తెలియనివారు అరుదు. దీనిని విద్యార్థి సోమరితనముగానో, చిన్న మోసముగానో చూచి ఊరకొనుట పరిపాటి. కాని ఆ దిద్దుబాటులో పోయినదేమిటో చూడవలెను.

గుండును వదలినప్పుడు ఇంకను ఒక డోలనము కూడ పూర్తి కాలేదు. అప్పుడు పలుకవలసిన అంకె "సున్న". "ఒకటి"తో మొదలుపెట్టినవాడు ఇరువది అనుసరికి గుండు నిజముగా చేసినవి 19 డోలనములే. 38.2 ను 20తో గాక 19తో భాగించి చూచినచో 2.01 సెకండ్లు వచ్చును; ఒక మీటరు లోలకమునకు రావలసిన కాలము అదే. అనగా అతని చేయి సరిగనే పనిచేసినది, వాచియు సరిగనే చెప్పినది. తప్పు లెక్కించుటలో ఉన్నది. 1082 అను ఆ వింత సంఖ్య ఆ తప్పును వ్రేలెత్తి చూపుచునే ఉన్నది. విద్యార్థి దానిని వినలేదు, నోరు మూసినాడు.

ఇందులో ఇంకొక తమాషా కూడ కలదు. అతడు అంత శ్రమపడి చేరుకొన్న 980 మన ఊరి సంఖ్య కాదు. 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ప్రామాణికముగా నిర్ణయించిన విలువ 980.665. అది సుమారుగా 45 డిగ్రీల అక్షాంశమున, సముద్రమట్టమున ఉండు విలువ. భూమధ్యరేఖకు దగ్గరైనకొలది, ఎత్తునకు పోయినకొలది ఈ త్వరణము తగ్గును. 17 డిగ్రీల అక్షాంశమున, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో అది 978కి కొంచెము పైన మాత్రమే. ఎంతో జాగ్రత్తగా కొలిచి 978 తెచ్చుకొన్న విద్యార్థి హైదరాబాదులో ఎవరైన ఉన్నచో, దానిని 980గా దిద్దుటకు అతడు చేయు ప్రయత్నము నిజమును చెడగొట్టుటయే!

విద్యార్థులచేత వారి చేతులతోనే ప్రయోగములు చేయింపవలెనను ఆలోచన చాల పాతది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఎక్కువచోట్ల ఆచార్యుడు బల్లవద్ద నిలిచి ప్రయోగము చేసి చూపును. విద్యార్థులు బెంచీలమీద కూర్చుండి చూతురు. 1880ల చివర అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము, తమవద్ద చేరగోరు విద్యార్థులు భౌతికశాస్త్రములో స్వయముగా చేసి ఉండవలసిన 40 ప్రయోగముల పట్టికను ప్రకటించినది. దానిని సిద్ధపరచినవాడు ఎడ్విన్ హాల్. అయస్కాంత క్షేత్రములో ఉంచిన లోహపు రేకులో విద్యుత్ప్రవాహమునకు అడ్డముగా చిన్న వోల్టేజి పుట్టుటను 1879లో కనుగొన్నవాడును ఇతడే. ఆ విశేషమును నేటికిని హాల్ ఫలితమనియే పిలుచుచున్నారు. పుస్తకము బట్టీ పట్టుట మాని, బాలుడు కొలబద్దను, త్రాసును చేత పట్టవలెనని హాల్ కోరిక. అయితే పట్టికకు ఒక దుర్గుణము కలదు. ఏండ్లు గడచినకొలది ఉద్దేశము, పరికరములు, సూత్రము, పద్ధతి, ఫలితము అను శీర్షికలు మిగిలినవి; ఆలోచన ఆవిరియైనది. ఫలితము ముందే తెలిసినప్పుడు పద్ధతి తూతూమంత్రముగా నడచుట సహజమే గదా.

ఇట్టి ప్రాక్టికల్స్‌వలన పాఠమైనను బాగుగా వచ్చుచున్నదా? "చేతితో చేసినది మరచిపోరు" అని అందరును చెప్పుదురు. దీనిని అమెరికాలో కొందరు పరీక్షించి చూచిరి. కొన్ని కళాశాలలలో భౌతికశాస్త్రపు ఉపన్యాసములకు అందరును పోవుదురు గాని ప్రయోగశాలలో చేరుట ఐచ్ఛికము. అందుచేత ఒకే పరీక్ష వ్రాసిన రెండు వర్గములను పోల్చవచ్చును. నటాషా హోమ్స్, కార్ల్ వీమన్ మొదలగువారు మూడు విద్యాసంస్థలలో తొమ్మిది కోర్సులను ఈ విధముగా పరిశీలించి 2017, 2018 సంవత్సరములలో ఫలితములను ప్రకటించిరి. వీమన్ 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన ప్రయోగశాస్త్రజ్ఞుడు. ప్రయోగములపై చిన్నచూపు గలవాడు కాడు. అయినను వారు చూచినది ఇది: ప్రయోగశాలలో చేసిన పాఠ్యాంశములపై వచ్చిన ప్రశ్నలకు కూడ, ప్రయోగశాలకు పోయినవారు పోనివారికంటె లెక్కింపదగినంత మెరుగుగా జవాబులు వ్రాయలేదు.

దీనిని విని ప్రయోగశాలకు తాళము వేయనక్కరలేదు. తేలినది ఇంతే: ఉపన్యాసములో చెప్పిన సూత్రమును మరునాడు ప్రయోగశాలలో "నిరూపించుట"వలన సూత్రము మరింత బాగుగా పట్టుబడుట లేదు. అయినచో ప్రయోగశాల చేయదగిన పని ఏది? సూత్రము రాకముందే అనుభవమునుండి భావమును కట్టుట ఒకటి. కొలత ఎంతవరకు నమ్మదగినదో తెలిసికొని దానితో తీర్పు చెప్పుట రెండవది. రెండింటికిని మంచి ఉదాహరణలు ఉన్నవి.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందు కార్లైల్ అను చిన్న పట్టణములో డికిన్‌సన్ కళాశాల కలదు. 1987లో అచ్చట ప్రిసిల్లా లాస్ అను ఆచార్యురాలు తన సహోద్యోగులతో కలిసి మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రములో ఉపన్యాసములను పూర్తిగా తీసివేసినది. తరగతికి ఒకచోటు, ప్రయోగశాలకు ఇంకొకచోటు అను భేదము లేదు. విద్యార్థులు వారమునకు మూడుసార్లు, రెండేసి గంటలు, బల్లలచుట్టు కూర్చుండి ముందుగా ఏమి జరుగునో ఊహించి వ్రాయుదురు. తరువాత చేసి చూతురు. ఊహ తప్పినచో ఎందుకు తప్పినదో తమలో తాము తర్కించుకొందురు. సూత్రము ఆ తర్వాతనే వచ్చును. "వర్క్‌షాపు భౌతికశాస్త్రము" అని దీనికి పేరు పెట్టిరి.

అచ్చటను, టఫ్ట్స్ విశ్వవిద్యాలయములో రొనాల్డ్ థార్న్‌టన్, ఆరిగాన్‌లో డేవిడ్ సోకలాఫ్ చేసిన కృషిలోను ఎక్కువగా ఉపయోగపడినది ఒక చిన్న పెట్టె. అది గబ్బిలమువలె చెవికి వినరాని ధ్వనులను పంపి, ఎదుటి వస్తువునుండి ప్రతిధ్వని తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. ధ్వని వేగము తెలియును గనుక దూరమును కంప్యూటరు లెక్కించి, కాలమునకు ఎదురుగా తెరమీద గీయును. దాని ఎదుట నడచునది గుండు కాదు, బండి కాదు, విద్యార్థియే. దూరముగా నడచినచో గీత పైకి లేచును. నిలిచినచో అడ్డముగా సాగును. వెనుకకు వచ్చినచో క్రిందికి దిగును. తరువాత తెరమీద ఒక గీతను ముందే ఇచ్చి, "దీనికి సరిపోవునట్లు నడువుము" అందురు. మొదట అందరును తప్పుదురు. గీత కొండవలె ఉన్నచో ఎక్కి దిగుటగా భావించువారు, నిలిచియుండుటను నిలువు గీతగా ఊహించువారు అప్పుడు బయటపడుదురు. నాలుగు మారులు నడచునప్పటికి, గీత ఏటవాలే వేగమను విషయము వారి కాళ్లకే తెలియును.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. నడకయు గీతయు ఒకేసారి కనబడవలెను. హెదర్ బ్రాసెల్ 1987లో ప్రకటించిన పరిశోధనలో, గీతను సుమారు 20 సెకండ్లు ఆలస్యముగా చూపినప్పుడు లాభములో ఎక్కువ భాగము పోయినది. ఉపకరణము ఖరీదులో గాక, చేసిన పనికిని ఫలమునకును నడుమ ఎడము లేకుండుటలో గొప్పతనము ఉన్నదన్నమాట. అటువంటి పెట్టె లేని బడిలో వరండా చాలును. ఒకరు వాచి చూచి సెకండుకొకసారి చప్పట్లు కొట్టగా, నడచువాని అడుగు ఉన్నచోట ఇంకొకరు సుద్దతో గుర్తుపెట్టుకొనుచు పోవచ్చును. గుర్తుల నడుమ ఎడము పెరుగుట, తగ్గుట నేలమీదనే కనబడును. దానిని గ్రాఫు కాగితముమీదికి ఎక్కించుట పది నిమిషముల పని. తెరయంత వేగముగా కాకున్నను, ఆ గుర్తులు తన అడుగులవే అని నడచినవాడు ఎరుగును.

విద్యుత్తు విషయములో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు లిలియన్ మెక్‌డెర్మట్ బృందము అడిగిన ప్రశ్న ప్రసిద్ధమైనది. ఒకే రకపు బల్బులు ఐదు, ఒకే రకపు ఘటములు మూడు. మొదటి ఘటమునకు ఒక బల్బు. రెండవదానికి శ్రేణిలో రెండు. మూడవదానికి సమాంతరముగా రెండు. ఏ బల్బు ఎక్కువ వెలుగును, ఏది తక్కువ? ఘటముల అంతర్నిరోధమును లెక్కకు తీసికొననక్కరలేదు. ఓమ్ సూత్రము నేర్చి, చిక్కు వలయములను లెక్కకట్టగలిగిన కళాశాల విద్యార్థులలో సరియైన జవాబు చెప్పినవారు నూటికి 15 మంది మాత్రమే అని 1992లో వారు ప్రకటించిరి. జవాబు: ఒంటరి బల్బును, సమాంతరముగా ఉన్న రెండును సమానముగా వెలుగును, శ్రేణిలోని రెండును సమానముగా, కాని మసకగా వెలుగును. ఘటము ఎల్లప్పుడు ఒకే ప్రవాహమును ఇచ్చుననియు, మొదటి బల్బు కొంత ప్రవాహమును "తినివేయుట"వలన రెండవదానికి తక్కువ అందుననియు పెక్కురు తలంతురు.

ఆ బృందము ఈ భావములను ఉపన్యాసముతో ఖండింపలేదు. ఒక ఘటము, ఒక బల్బు, ఒకే ఒక తీగ చేతికిచ్చి బల్బును వెలిగింపుమన్నది. చాలమందికి బల్బునకు రెండు కొనలు, అనగా అడుగున మొన, ప్రక్కన మర, ఉన్నవని అప్పుడే తెలియును. వలయము అను మాటకు అర్థము అక్కడ మొదలగును. దీనిని బడిలో చేయదలచు ఉపాధ్యాయులు పాతకాలపు తీగబల్బులనే సంపాదింపవలెను. నేటి టార్చిలైట్లలోని ఎల్.ఇ.డి. దీపములు ఒక దిక్కుననే ప్రవాహమును పోనిచ్చును, వాటి వెలుగు నడచు తీరు వేరు. పాత ఘటము వాడినచో సమాంతరపు బల్బులు కొంచెము మందగించి, వాదము దారి తప్పును. క్రొత్త ఘటములు తీసికొనుట మంచిది.

ఇక రెండవ పనికి, కొలతతో తీర్పు చెప్పుటకు, మొదట చెప్పిన లోలకమే చాలును. లఘులోలకపు డోలన కాలము దాని పొడవుమీదనే గాని ఎంత దూరము లాగి వదలితిమి అనుదానిమీద ఆధారపడదని పుస్తకములు చెప్పుచున్నవి. "స్వల్ప డోలనములకు" అను మాట ప్రక్కనే ఉండును గాని దానిని ఎవరును చదువరు. కెనడాలో వాంకూవరునందలి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయములో హోమ్స్, వీమన్, డగ్లస్ బాన్ అను మువ్వురు మొదటి సంవత్సరపు ప్రయోగశాలను మార్చినప్పుడు విద్యార్థులకు ఇచ్చిన పని ఇది: 10 డిగ్రీలు లాగి ఒకసారి, 20 డిగ్రీలు లాగి ఒకసారి డోలన కాలమును కొలువుడు, రెండును ఒకటేనా, వేరా చెప్పుడు.

మీటరు లోలకమునకు ఈ రెండు కాలముల భేదము సెకండులో నూరవవంతుకంటె కొంచెము ఎక్కువ, సుమారు 0.012 సెకండు. చేతితో వాచి నొక్కుటలో పదవవంతు సెకండు తేడా ఎవరికైనను వచ్చును. కనుక ఒక్క డోలనమును కొలిచినవారికి రెండు కాలములు "ఒకటే". పుస్తకము గెలిచినది, రికార్డు వ్రాసి ఇంటికి పోవచ్చును. కాని ఇచ్చట నియమము వేరు. భేదమును, ఆ భేదములో ఉండగల అనిశ్చయముతో భాగింపవలెను. వచ్చినది 1కి తక్కువైనచో "ఒకటే" అని చెప్పుటకు వీలులేదు. "నా కొలత ఈ భేదమును చూడజాలదు" అని మాత్రమే అర్థము. అప్పుడు చేయవలసినది కొలతను బాగుచేయుట. 3కి మించినచో రెండును నిజముగా వేరే.

విద్యార్థులు బాగుచేసిరి. 20 డోలనములకు కలిపి కొలిచినచో, పదవవంతు సెకండు దోషము ఒక్కొక్క డోలనమునకు 0.005గా పంచబడును. రెండు కొలతల అనిశ్చయములు కలియగా సుమారు 0.007. భేదము 0.012 ను దీనితో భాగింపగా ఒకటిన్నరకు పైన. అనుమానము మొదలైనది. అదే కొలతను 9 మారులు చేసి సగటు తీసినచో అనిశ్చయము మూడవవంతగును. భాగఫలము 5కు సమీపించును. ఇప్పుడు పుస్తకపు వాక్యము నిలువదు. 20 డిగ్రీల లోలకము మెల్లగానే ఊగుచున్నది. తప్పు చేసితిమేమోయని విద్యార్థులు మొదట తమనే శంకించుకొందురు. గుండు పక్కకు తిరుగుచున్నదా, దారము సాగుచున్నదా అని వెదకుదురు. ఏదియు కారణము కాదని తేలిన తరువాత, "స్వల్ప" అను మాటను తొలిసారి నిజముగా చదువుదురు.

ఇందులో వారు సిగ్గుపడవలసినది లేదు. పెద్ద డోలనము, చిన్న డోలనము ఒకే కాలము తీసికొనునని గెలీలియో కూడ నమ్మి 1602లో గ్విడోబాల్డో డెల్ మాంటేకు ఉత్తరము వ్రాసినాడు. వృత్తములో ఊగు లోలకమునకు అది సరిగా వర్తింపదనియు, చక్రాభము అను వేరొక వక్రములో ఊగినచో వర్తించుననియు హైగెన్స్ 1673లో వెలువడిన తన గడియారపు గ్రంథములో నిరూపించినాడు.

ఆ కోర్సులో పోల్చుట, తీర్మానించుట, మార్చి చేయుట అను వరుసను వారము వారము సాధన చేయించి, క్రమముగా ఉపాధ్యాయుని ఆదేశములను తగ్గించిరి. 2015లో ప్రకటించిన ఫలితములలో, అంతకుముందు సంవత్సరపు విద్యార్థులకంటె వీరు ఎవరును చెప్పకయే తమ పద్ధతిని మార్చుట లేక మార్పును సూచించుట 12 రెట్లు ఎక్కువ. తాము వాడిన సిద్ధాంతము ఎచ్చట చాలదో గుర్తించి వివరించుట 4 రెట్లు ఎక్కువ.

చేతిపని ఒక్కటే ఇంత చేసినదని చెప్పరాదు. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సులలోని 6,542 మంది విద్యార్థుల పరీక్షలను ప్రోగుచేసి, యంత్రశాస్త్ర భావములు ఎంతవరకు పట్టుబడినవో చూచినాడు. మొదట 100కు 40 మార్కులు వచ్చిన తరగతిలో ఇంకను సంపాదింపవలసినవి 60. ఉపన్యాస పద్ధతి నడచిన 14 కోర్సుల సగటున అందులో సుమారు 14 మార్కులు చేరును. విద్యార్థులు చేసి, ఊహించి, తోటివారితో వాదించు పద్ధతి నడచిన 48 కోర్సుల సగటున 29 చేరును. ఈ రెండవ జాతిలో కొన్ని కోర్సులకు పరికరములే లేవు, ప్రశ్నయు చర్చయు మాత్రమే. ఇత్తడి గుండు ముందు మూగవానివలె కూర్చుండినవానికి గుండు ఏమియు నేర్పదు.

కష్టములు లేకపోలేదు. అరువదిమందికి నాలుగు స్టాండులు ఉన్నచోట తొమ్మిది మారులు కొలువుమనుట ఎట్లు? లోలకమునకు మాత్రము స్టాండు అక్కరలేదు. కిటికీ చువ్వ, దారము, ఒక గింజ లేక తాళము, ఎవరి సెల్‌ఫోనులోనైన ఉండు స్టాప్‌వాచి చాలును. కోణము కొలుచుటకు గోడమీద సుద్దగీత. పది జట్లు ఒక్కొక్కటి ఒకసారి కొలిచి నల్లబల్లమీద వ్రాసినచో పది కొలతల చెదురు కండ్లకు కట్టును. కాని జట్లన్నియు ఒకే పొడవున కట్టవలెను. అర మిల్లీమీటరు తేడా పెద్దది కాదు గాని, అర సెంటీమీటరు తేడా వెదకుచున్న భేదములో సుమారు సగమును మింగివేయును. ఒకే లోలకముతో 10, 20 డిగ్రీలు రెండును కొలిచిన జట్టునకు ఈ బాధ లేదు.

అసలు కష్టము మార్కులలో ఉన్నది. జవాబు 980కి దగ్గరగా ఉన్నవానికి ఎక్కువ మార్కులు వచ్చునంతకాలము ప్రక్క బల్ల నోటుపుస్తకమునకు గిరాకి తగ్గదు. ఉపాధ్యాయునకును ఒక భయము ఉండును: తనకు ముందుగా తెలియని ఫలితము తరగతిలో లేచినచో ఏమి చెప్పవలెను? ఉదాహరణకు, భేదము బాగుగా కనబడవలెనని ఒక పిల్ల 20కి బదులు 200 డోలనములు కొలుచుననుకొనుడు. గాలి నిరోధముచేత గుండు విస్తారము తగ్గుచు పోవును. 20 డిగ్రీలతో మొదలైనది కొంతసేపటికి 10కి దిగును, భేదము మరల చిక్కును. ఎన్ని డోలనములవద్ద ఆపుట మేలు? దీనికి పుస్తకములో సిద్ధమైన సంఖ్య లేదు. ఆ దారము, ఆ గుండు, ఆ గది గాలిమీద అది ఆధారపడును. ఉపాధ్యాయుడు పిల్లలతోపాటు కొలిచి చూడవలసినదే.

మొదటి విద్యార్థి నోటుపుస్తకములో ఆ పుట ఇంకొక రీతిగా ఉండవచ్చును. 38.2 అను సంఖ్య కొట్టివేయబడక అట్లే ఉండును. దాని ప్రక్కన "ఒకటితో మొదలుపెట్టినాను, 19 డోలనములే" అని ఒక మాట. దాని క్రింద రెండవ కొలత 40.2 సెకండ్లు, త్వరణము 977. వాచి నొక్కుటలో పదవవంతు సెకండు దోషము ఉన్నందున ఈ 977కు ఇటు 5, అటు 5. 978, 980 రెండును ఆ హద్దులలోనే ఉన్నవి. ఆ రెండింటిలో తన ఊరిది ఏదో తేల్చుటకు కొలత కనీసము ఐదు రెట్లు మెరుగుపడవలెనని అతడు లెక్కకట్టి, దారమును మరల చేత పట్టుకొనును.